బూడిదతో రుద్దే చేపలు

మా ఇంట్లో చేపలు రెండే రకాలు. కత్తితో గీకేవి, బూడిదతో రుద్దేవి. బొచ్చె, రవ్వ, కొర్రమట్ట లాంటివి గీకేవాటిలోకి వస్తాయి. వాలుగ, జెల్ల, మార్పు, ఇంగిలాయి, బొమ్మిడాయి రుద్దేవాటిలోకి. వీటి ఒంటిమీద పొలుసుండదు, చెయ్యి పెడితే జారిపోయే జిగురుంటుంది. పొయ్యిలోని బూడిద చల్లి గరుకు బండమీద అటూ ఇటూ రుద్దితేగాని ఆ జిగురు వదలదు. గీకేవి అమ్మ తినేది. రుద్దేవి ముట్టేది కాదు. నాయనమ్మకేమో రుద్దేవే ప్రాణం.

అమ్మది మధిర వైపు. అమ్మమ్మ వాళ్లు శనివారం ఆరాధన చేసే సంఘం వాళ్లు. రెక్కలూ పొలుసులూ రెండూ ఉన్న చేపనే తినాలని వాళ్ల నియమం. నాన్నది భద్రాచలం దగ్గర, గోదావరికి ఇవతలి ఒడ్డున ఒక పల్లె. ఊరి వెనక పత్తి చేలు దాటితే అడవే. నాయనమ్మ వాళ్లది ఆదివారం చర్చి. పెళ్లికి రెండు వైపుల పాస్టర్లూ ఒప్పుకున్నారు. పెళ్లయ్యాక అమ్మ ఆదివారం చర్చికే రావడానికి తనూ ఒప్పుకుంది. అన్నీ కుదిరాయి, చేప దగ్గర తప్ప.

కొత్తకోడలిగా అమ్మ మొదటిసారి ఆ ఊరు వెళ్లినప్పుడు నాయనమ్మ బొమ్మిడాయిల పులుసు పెట్టింది. ఈ కథ నాయనమ్మ నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

"పొద్దుగాల్నే గోదారి కాడికి పోయి, పడవల నుంచి దించంగనే ఏరుకొచ్చిన. పుల్ల మామిడికాయ ఏసిన. మూత తీస్తే వాడకట్టంత వాసన. తెచ్చి మీ అమ్మ ముందట పెట్టిన. మీ అమ్మ ఏం జేసిందనుకున్నవ్? చెయ్యి కడుక్కున్నది."

అమ్మ దగ్గర ఇదే కథ ఇంకోలా ఉండేది.

"నాకు నోరు పెగల్లేదే. చుట్టూ ఆడవాళ్లు, అందరూ నా కంచంలోకే చూస్తున్నారు. తిననని ఎట్లా చెప్పను? చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్లిపోయా."

తర్వాత నాన్న సంగతి చెప్పాడు. వాళ్ల సంఘంలో అంతేనట అని నాయనమ్మ ఒప్పుకుంది కూడా. కానీ కంచం ముందు కడిగిన ఆ చెయ్యి ఆమె మనసులోంచి పోలేదు. అప్పటినుంచి అమ్మ వెళ్లినప్పుడల్లా నాయనమ్మ కోడిగుడ్ల కూరకు వేరే గిన్నె తీసి పెట్టేది. దానికి వేరే గంటె. ఆ గిన్నెకూ గంటెకూ చేపల పులుసు ఎన్నడూ తగలనిచ్చేది కాదు. అంత శ్రద్ధ. చేపల గిన్నె పొయ్యి మీంచి దిగకముందే అమ్మ ఒక్కతే తినేసేది. నాయనమ్మ అందరికీ పెట్టి అన్నిటికంటే చివర తినేది. వాళ్లిద్దరూ ఒక్క పూట పక్కపక్కన కూచుని తినగా నేను చూడలేదు.

కొట్లాట లేదు. మాట తేడా లేదు. అమ్మ ఆమెకు ఖమ్మం నుంచి చీరలు తీసుకెళ్లేది. ఆమె అమ్మకు అడవి తేనె సీసాలో పోసి, మూతకు గుడ్డ కట్టి పంపేది. కానీ ప్రతిసారీ, మేం బస్సెక్కేముందు, నాయనమ్మ నా చెవి దగ్గర ఒక మాట అనేది.

"నేను పోయేలోపల మీ అమ్మ నా పులుసు గిన్నెల చెయ్యి పెడితే చూడాలెనే."

నవ్వుతూనే అనేది. నేను మాత్రం బస్సు పాల్వంచ దాటేదాకా అమ్మ వైపు చూసేదాన్ని కాదు.

నేను ఖమ్మంలో డిగ్రీ చదివే రోజులవి. మా ఇల్లు ఖానాపురం హవేలిలో. కాలేజీకి షేర్ ఆటోలో వెళ్లేదాన్ని. డ్రైవర్‌తో మాట్లాడాల్సి వస్తుందేమోనని సరిపడా చిల్లర ఇంటి దగ్గరే పిడికిట్లో పట్టుకునేదాన్ని. తరగతిలో జవాబు తెలిసినా చెయ్యెత్తేదాన్ని కాదు. ఇంటికొచ్చి ఆ జవాబును డైరీలో రాసుకునేదాన్ని. నా డైరీలో ఎవరూ అడగని ప్రశ్నలకు జవాబులు చాలా ఉన్నాయి.

ఆఖరి సంవత్సరంలో మా జువాలజీ మేడమ్ ఒక్కొక్కరికి ఒక్కో పని అప్పగించారు. ఒకమ్మాయికి సీతాకోకచిలుకలు, ఒకమ్మాయికి వానపాములు. నా వంతు వచ్చేసరికి కళ్లద్దాల పైనుంచి చూశారు.

"మీ నాన్నగారిది గోదావరి ఒడ్డు కదమ్మా. దసరా సెలవుల్లో వెళ్లి దొరికినన్ని మీసాల చేపలు తీసుకురా. ఏది ఏ కుటుంబమో నువ్వే తేల్చాలి. నేను చెప్పను."

తలూపాను. వెనక బెంచీలో ఎవరో "మీసాల చేపలట" అని కిసుక్కున నవ్వారు. నేను తల ఎత్తలేదు గాని, లోపల ఎంత సంతోషం వేసిందో. అడవి పక్క ఊరి నుంచి వచ్చినందుకు నాకు దొరికిన మొదటి మర్యాద అది.

కాలేజీ లైబ్రరీలో చేపల వర్గీకరణ మీద ఒక లావుపాటి పుస్తకముండేది. అట్ట ఊడిపోతే ఎవరో సిమెంటు సంచి కాగితంతో కుట్టారు. దాన్ని తెచ్చుకుని సెలవులకు ముందే చదివాను. మీసాల చేపలన్నిటిదీ సైలూరిఫార్మిస్ అనే ఒకటే క్రమం. నోటి చుట్టూ మీసాలుంటాయి, పొలుసులుండవు. ఆ క్రమం లోపల కుటుంబాలు. ఏ చేప ఏ కుటుంబమో తేల్చడానికి పుస్తకం ఒక్కో ప్రశ్నా అడుగుతూ పోతుంది. మీసాలు ఎన్ని జతలు? వీపు రెక్క పొడవా, పొట్టా? ఆ రెక్కకు ముల్లుందా? తోకకు ముందు, ఎముకల్లేని మెత్తటి కొవ్వు రెక్క ఉందా? ఉందంటే ఈ పేజీకి వెళ్లు, లేదంటే ఆ పేజీకి. ఒక్కో జవాబుకు కొన్ని కుటుంబాలు తప్పుకుంటాయి, చివరికి ఒక్కటే మిగులుతుంది. నాకు ఆ పద్ధతి ఎంతో నచ్చింది. ఎవరో నెమ్మదిగా, తొందరపెట్టకుండా అడుగుతున్నట్టుండేది. జవాబు చెప్పడానికి నోరు అక్కర్లేదు. చేతిలో చేప ఉంటే చాలు.

దసరా సెలవులకు ఒక్కదాన్నే బస్సెక్కాను. ఒక సంచిలో బట్టలు, ఇంకో సంచిలో కడిగిన పచ్చడి సీసాలు, చేపలు పాడవకుండా మేడమ్ క్యాన్‌లో పోసిచ్చిన ఫార్మలిన్. మూత సరిగా బిగించానో లేదో, కొత్తగూడెం వచ్చేసరికి సీటు చుట్టూ ఘాటు.

"ఏంది గీ వాసన? బస్సెక్కినమా, దవాఖానాల పడ్డమా?" అని కండక్టర్ ముక్కు మూసుకున్నాడు.

పక్కనున్న ముసలాయన నా సంచి వైపు చూసి, "కాలేజీ పిల్ల గదా, ఏదో మందు తీస్కపోతుంది తియ్" అన్నాడు. కృతజ్ఞతగా ఆయన వైపు చూద్దామనుకున్నాను. చూడలేదు. కిటికీలోంచి టేకు చెట్లనే చూస్తూ కూచున్నాను.

నాయనమ్మ ఊరి సంత గురించి ఇప్పుడు తల్చుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది టేకాకులే. చేపల్ని టేకాకుల మీద కుప్పలు పోసి అమ్మేవాళ్లు. అడవి లోపలి పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లు తమలో తాము వాళ్ల భాషలో మాట్లాడుకుంటూ, మాతో తెలుగులో బేరం చేసేవాళ్లు. వానలు వెనకబట్టి వాగులు తగ్గే రోజులు కావడంతో చేప విరివిగా ఉండింది. నేను ఒక కుప్ప ముందు కూచుని, ఒక్కో జెల్లనూ పైకెత్తి దాని మూతి చుట్టూ లెక్కపెట్టడం మొదలుపెట్టాను. చేపలమ్మే ఆమె కాసేపు చూసి ఊరుకోలేకపోయింది.

"ఏందమ్మా, మీసాలు లెక్కపెట్టి కొంటున్నవ్? రేపు పెండ్లికొడుక్కి గూడ గిట్లనే లెక్కపెడ్తవా?"

చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. నాయనమ్మ నా తరఫున అందుకుంది.

"లెక్కపెట్టనీ. నేను లెక్కపెట్టకుండ చేసుకున్న, ఏం ఒరిగింది? జల్దీ తూకమెయ్యి."

తాత బతికి ఉన్నన్నాళ్లూ ఆయన మీసాలు చూసి ఊరంతా హడలిపోయేదని నాన్న అనేవాడు. ఆ మాట ఆమెకు అక్కడ గుర్తొచ్చినట్టుంది. ఇంటికి వచ్చేదాకా తనలో తను నవ్వుకుంటూనే నడిచింది.

వాకిట్లో గోనెపట్టా పరిచి, చేపల్ని వరసగా పెట్టి, పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూచున్నాను. నాయనమ్మ చింతపండు గింజలు తీస్తూ ఎదురుగా. వాలుగకు నోరు కళ్ల వెనకదాకా చీలి ఉంది. మీసాలు రెండు జతలే. వీపు మీద చిన్న రెక్క ఒక్కటే, కింద మాత్రం పొట్ట నుంచి తోకదాకా పొడవాటి అంచులా రెక్క. సైలూరిడే కుటుంబం. జెల్లకు నాలుగు జతల మీసాలు, వీపు రెక్కకు ముల్లు, తోక ముందు కొవ్వు రెక్క. బాగ్రిడే. మార్పుకూ మీసాలు నాలుగు జతలే, కానీ కొవ్వు రెక్క లేదు. వీపు రెక్క మెడ వెనక మొదలై తోక మొదలుదాకా ఒకటే బారుగా పోయింది. క్లారియిడే. ఇంగిలాయి దగ్గర కాసేపు ఆగిపోయాను. చూడ్డానికి మార్పుకు చెల్లెల్లా ఉంటుంది. కానీ వీపు రెక్క బొటనవేలి గోరంతే. పక్క రెక్కల ముల్లులో విషం. లావు పుస్తకం దాన్ని మార్పుతోపాటే కలిపింది. మేడమ్ ఇచ్చిన చిన్న పుస్తకం దానికి వేరే కుటుంబం కట్టింది.

"నాయనమ్మా, ఇంగిలాయి, మార్పు ఒకటేనంటావా, వేరేనంటావా?"

"రెండు ఒక్క గిన్నెల్నే ఉడుకుతయ్. గట్లయితే ఒక్క ఇంటియే గదా."

"పుస్తకంలో వేరే అని కూడా ఉంది."

"అయితే పుస్తకమోళ్లను వేరే గిన్నెల వండుకొమ్మను."

నేను నవ్వుతూ రెండు సీసాల్లో రెండింటినీ విడివిడిగా వేశాను. ఐదో సీసా మిగిలింది. అందులో బొమ్మిడాయిని వేశాను. పాములా సన్నగా, పొడుగ్గా, వీపు మీద వరసగా చిన్న ముళ్లు, మూతి చివర కదిలే ఒక చిన్న కండ. ఆ కండే మీసం కావచ్చనుకున్నాను. పుస్తకం అడిగే ప్రశ్నలకు దాని జవాబులు ఎక్కడా సరిగా కుదరలేదు. కుటుంబం దగ్గర ఖాళీ వదిలేశాను. అది మీసాల చేప కాదేమోనన్న ఆలోచన మాత్రం రాలేదు. మా ఇంట్లో దాన్ని బూడిదతోనే రుద్దుతారు కదా.

సెలవులయ్యాక మేడమ్ సీసాల్ని కిటికీ వెలుగులో ఒక్కొక్కటీ తిప్పి చూశారు. నాలుగింటికీ తలూపారు. ఇంగిలాయి దగ్గర నేను రెండు పుస్తకాల మాటా రాసినందుకు "బాగుంది" అన్నారు. ఐదో సీసా ఎత్తి ఆగారు.

"దీనికి మీసాలేవమ్మా?"

నేను మూతి చివరి కండను చూపించాను.

"అది మీసం కాదు. ముక్కు కొస. ఇది ఈ క్రమంలోనిదే కాదు. మాస్టసెంబెలిడే అని దాని కుటుంబమే వేరు. ఎందుకు కలిపావు?"

"పొలుసు ఉండదని" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"ఉండదని ఎవరన్నారు?"

ఆవిడ చేపను బయటికి తీసి, గుడ్డతో తుడిచి, చిన్న కత్తి మొనతో పక్కవాటున మెల్లిగా గీకారు. ఆ గీకిన దాన్ని నీటిచుక్కలో పెట్టి మైక్రోస్కోపు కింద ఉంచి, పక్కకు జరిగారు. నేను కన్ను పెట్టి చూశాను. గుండ్రంగా, పల్చగా, గీకే చేపల పొలుసుల్లాంటివే, కానీ ఆవగింజ కంటే చిన్నవి. ఒక్కోదాని మీద సన్నటి వలయాలు.

"చర్మంలో కూరుకుపోయి ఉంటాయి. మామూలు కంటికి తెలియవు. గట్టిగా రుద్దితే జిగురుతోపాటు పోతాయి."

ఆ మాటతో నాకు చేపలు గుర్తుకు రాలేదు. నాయనమ్మ పెరట్లోని బండ గుర్తుకొచ్చింది. బూడిద గుప్పెళ్లతో పోసి, చేపను తోక పట్టుకుని ఎంత గట్టిగా రుద్దేదో. ఆ బండ మీంచి తెల్లటి నీళ్లు కాలవలోకి పోయేవి. అమ్మ ఎప్పుడూ ఆ వైపుకు వెళ్లేది కాదు. అమ్మ కంచం ముందుకు వచ్చేసరికి ఆ చేప ఒంటిమీద పొలుసన్నదే మిగిలేది కాదు. కొత్తకోడలి ముందు పెట్టిన ఆ మొదటి పులుసు బొమ్మిడాయిలదే. అమ్మమ్మ వాళ్ల నియమం ప్రకారం చూసినా అమ్మ దాన్ని తినొచ్చు.

ఇంత తెలిశాక చెప్పడం ఎంత తేలిక అనిపిస్తుంది. నాకు తేలిక కాలేదు. ఎన్నిరోజులు డైరీలో ఆ వాక్యం రాసి కొట్టేశానో. అమ్మకు చెబితే నా నియమాన్ని నువ్వు సరిదిద్దుతావా అనుకుంటుందేమో. నాయనమ్మకు చెబితే ఇన్నేళ్లూ ఉత్తపుణ్యానికి బాధపడ్డానా అనుకుంటుందేమో. ఒకరోజు అమ్మ బట్టలు మడత పెడుతుంటే పక్కన కూచున్నాను.

"అమ్మా, నీకు పొలుసు లేని చేప తినాలని ఎప్పుడూ అనిపించలేదా?"

"అనిపించడం కాదే. పెళ్లప్పుడు మీ అమ్మమ్మ ఒకటే అడిగింది. చర్చి మారినా సరే బిడ్డా, తిండి మాత్రం మార్చుకోకు అని. మాటిచ్చా."

"పొలుసుంటే?"

"ఉంటే తింటాగా. ఏంటి ఇవాళ ఈ ప్రశ్నలు?"

"ఏం లేదు" అన్నాను. నా నోట్లోంచి ఎప్పుడూ వచ్చే మాట అదే.

నాయనమ్మ చర్చిలో కోతపండుగకు ప్రతి ఏడూ మేమందరం వెళ్లేవాళ్లం. ఆ ఏడాది వెళ్లేముందు నేను మేడమ్ గదికి వెళ్లి, చేతి భూతద్దం ఒకటి ఇంటికి ఇస్తారా అని అడిగాను. గుమ్మం దగ్గర నిలబడి, చాలాసేపు అక్కడే ఉండి, చివరికి అడిగాను. ఎందుకని ఆవిడ అడగలేదు. సొరుగులోంచి తీసి ఇచ్చారు.

పండుగ రోజు ఇల్లంతా చుట్టాలు. చర్చిలో గుమ్మడికాయలు, వరి కంకులు, అరటి గెలలు పరిచి పాటలు పాడారు. ఆ గలభాలో చెప్పలేనని నాకు ముందే తెలుసు. మరునాడు పొద్దున చుట్టాలు వెళ్లిపోయారు. నాన్న గోదావరి దగ్గర్నుంచి బొమ్మిడాయిలు తెచ్చాడు. అమ్మ వంటింట్లో తన గుడ్లు ఉడకేసుకుంటోంది. నాయనమ్మ పెరట్లో బండ ముందు కూచుని బూడిద గుప్పిట్లోకి తీసుకుంది.

"ఆగు నాయనమ్మా."

నా గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. ఆమె చెయ్యి అలాగే ఆగిపోయింది.

"ఏమైందే? ముల్లు గుచ్చుకున్నదా?"

"లేదు. ఒక్కదాన్ని రుద్దకుండా నాకివ్వు."

"రుద్దకుంటే జిగురెట్ల పోతదే?"

"పోవద్దు. దాని పొలుసు చూడాలి."

"పొలుసా? బొమ్మిడాయికా? ఎండకు నీ తలకాయ తిరిగినట్టున్నది. నీడకు పో."

అంటూనే ఒక చేప నా చేతిలో పెట్టింది. నేను దాన్ని తడిగుడ్డతో నెమ్మదిగా అద్ది, కత్తి మొనతో పక్కవాటున గీకి, గీకినదాన్ని స్టీలు పళ్లెం వెనకవైపు నీటిచుక్కలో పెట్టి ఎండలోకి తెచ్చాను. నాయనమ్మ భూతద్దం కంటికి ఆనించి, తీసి, మళ్లీ ఆనించింది.

"నాకేం కనపడ్తలేదు. అంత తెల్లగ మసక. మీ అమ్మను పిలువు. దాని కండ్లు మంచిగుంటయ్."

అదే నేను ఆలోచించుకున్న దానిలో లేని సంగతి. నేను వెళ్లి పిలవకముందే అమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఆ పెరట్లో, ఆ బండ దగ్గరికి ఆమె రావడం అదే మొదటిసారి. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, బూడిద నీళ్లు దాటి, నా పక్కన గొంతుక్కూచుంది.

"ఏం చూడాలి?"

భూతద్దం ఇచ్చాను. ఎక్కడ చూడాలో చూపించాను. ఆమె ఒంగి చూసింది. కాసేపటికి పళ్లెం పక్కన పెట్టి, చేపనే చేతిలోకి తీసుకుంది. రుద్దే చేపను అమ్మ చేత్తో పట్టుకోవడం కూడా అదే మొదటిసారి.

"తోక దగ్గర కూడా ఉన్నాయా?"

"ఒళ్లంతా ఉంటాయమ్మా. మా మేడమ్ మైక్రోస్కోపులో చూపించారు. ఇది జెల్ల, వాలుగ కుటుంబాల్లోది కాదు. మనమే కలిపేశాం."

అమ్మ తోక దగ్గర తనే గీకి, తనే నీటిచుక్కలో పెట్టి, తనే చూసింది.

"ఉన్నాయి" అంది.

నాయనమ్మ బూడిద చేతుల్ని మోకాళ్ల మీద పెట్టుకుని మా ఇద్దరి వైపూ చూసింది. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"అయితే గా పొలుసులన్ని నేనే బండకేసి రుద్ది కాల్వల కలిపిన గదా. గిన్నేండ్ల సంది."

"మీరేం చేస్తారత్తమ్మా" అంది అమ్మ. "నేనే ఒక్కనాడన్నా ఇక్కడికొచ్చి కూచోలేదు."

అమ్మ భూతద్దం నాకిచ్చి, బండమీద మిగిలిన చేపల్లోంచి ఒకటి తీసుకుని, "ఎట్లా రుద్దాలి ఇది?" అని అడిగింది. నాయనమ్మ ఆమె చేతిలో బూడిద పోసింది.

"తోక పట్టుకో. ముళ్లు వీపు మీదుంటయ్, ఆ దిక్కు చెయ్యి పోనియ్యకు. గట్ల కాదు, జర ఏటవాలుగ. ఆ... అవ్, గిట్ల."

నేను వాళ్ల వెనక నిలబడి చూశాను. ఆ బండ ఇప్పుడు లేదు. ఇల్లు తిరిగి కట్టినప్పుడు దాన్ని మెట్టుకింద వేశారు. నాయనమ్మ కూడా లేదు. కానీ ఆ పొద్దుటి ఎండ, ఇద్దరి చేతులకూ అంటిన ఒకే బూడిద, నా డైరీలో రాసుకోకపోయినా గుర్తుండిపోయాయి.

మధ్యాహ్నం నాయనమ్మ అందరికంటే ముందు అమ్మ కంచంలో పులుసు పోసింది. చేప ముక్క వేసి, చెయ్యి వెనక్కి తీసుకోకుండా ఆగింది. అమ్మకు బొమ్మిడాయి ఎట్లా తినాలో తెలియదు. వీపు ముళ్లు ఎక్కడుంటాయో, నడిమి ఎముక ఎట్లా లాగాలో తెలియక వేళ్లతో అటూ ఇటూ తిప్పింది. నాన్న ఏదో చెప్పబోయాడు. నాయనమ్మ కళ్లతోనే ఆపింది. అమ్మ కంచాన్ని తనే తన వైపు లాక్కుని, ఎముకను ఒక్క లాగుతో తీసి, మెత్తటి కండ అన్నం మీద పెట్టింది.

"ఇగ తిను."

అమ్మ తింది. మందు మింగినట్టు మొదటి ముద్ద, కాస్త నమిలి రెండో ముద్ద.

"ఎట్లున్నది?" అన్నది నాయనమ్మ. మామిడికాయ దొరకని కాలం గనక చింతపండు పులుసే. అయినా ఆ ప్రశ్న వెనక ఎన్నేళ్లుందో అందరికీ తెలుసు.

అమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు.

"చేప నాకు ఏమో గానీ అత్తమ్మా, పులుసు మాత్రం బాగుంది. ఇంకొంచెం పోయండి."

నాన్న పగలబడి నవ్వాడు. నాయనమ్మ గంటె నిండా పోసింది. కొంగుతో ముఖం తుడుచుకుంటూ, "ఉప్పు జర ఎక్కువైంది, నువ్వు చెప్తలేవు" అని గొణిగింది. ఉప్పు సరిగ్గానే ఉంది.

మరునాడు మా బస్సు సాయంత్రానికి. పొద్దున నాయనమ్మ సంతకు పోయి ఒక వాలుగ తెచ్చింది, మూరెడు పొడవుది. బూడిద పక్కకు నెట్టి నన్ను పెరట్లోకి పిలిచింది.

"ఇగో, దీన్ని గూడ ఓపాలి చూడరాదే. యాడనన్న ఒక్కటన్న దాసుకున్నదేమో."

వాలుగకు పొలుసుండదని నాకు తెలుసు. ఏ పుస్తకం తెరిచినా ఆ క్రమం గురించి రాసే మొదటి మాటల్లో అదొకటి. ఆ సంగతే చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆమె ముఖం చూశాక చెప్పలేకపోయాను. చేపను తుడిచి, భూతద్దం తీసుకుని కూచున్నాను. తల మీద చూశాను. చెంపల మీద, మీసాల మొదళ్లలో, రెక్కల సందుల్లో, పొట్ట కింద, తోక చీలిన చోట. జిగురు కింద నున్నటి తోలు, ఆ తోలు మీద వెండి మెరుపు. అంతే. నాకు తెలియకుండానే అమ్మ కూడా వచ్చి నా వెనక నిలబడింది.

"లేదా?" అంది అమ్మ.

"లేదమ్మా."

"మంచిగ చూసినవా?" అంది నాయనమ్మ. "ఒక్కటి గూడ లేదా?"

"ఒక్కటి కూడా లేదు నాయనమ్మా."

ఆమె వాలుగ వైపు, చెప్పిన మాట వినని మనవణ్ని చూసినట్టు చూసింది. తర్వాత బూడిద అందుకుంది. అమ్మ లోపలికి వెళ్లి తన గుడ్లు పొయ్యిమీద పెట్టుకుంది. గుడ్లు ఉడికాయి, కూర అయ్యింది, కానీ ఆమె ముందుగా కూచోలేదు. వాలుగ పులుసు దిగేదాకా, నాయనమ్మ అందరికీ వడ్డించి తన కంచం తెచ్చుకునేదాకా ఆగింది. అప్పుడు గుడ్ల గిన్నె పట్టుకొచ్చి ఆమె పక్కనే కూచుంది.